ఎడమకాలి ప్రతాపం

మనిషికి అహంకారం ఎక్కడ వుంటుంది అని అడిగితే వేదాంతులు మనస్సులో అంటారు, వైద్యులు తలకాయలో అంటారు. గోదావరి గట్టు మీద నాలుగు రోజులు నిలబడి వచ్చే పోయే కార్లను చూసినవాణ్ణి అడగండి, ఎడమకాల్లో అంటాడు. క్లచ్ తొక్కే కాలు అదే గనక.

మా పోలవరంలో ఈమధ్య పెళ్ళి సంబంధాలను మించిన చర్చ ఒకటి బయల్దేరింది. ఇంటికి కారు కొనాలి. చిన్నది కావాలి, చురుగ్గా వుండాలి. ఇంతవరకూ ఎవరికీ పేచీ లేదు. గేరు బండా, ఆటోమేటిక్కా అన్న దగ్గర మొదలవుతుంది తగువు. తగువు ఇంట్లో తీరదు. టీకొట్టు దాకా వస్తుంది. అక్కడ పెద్దలు ఒక్క మాటలో తీర్పు చెప్పేస్తారు:

"ఆటోమేటిక్కేంటండీ బాబూ! అది ఆడోళ్ళ బండి. లేకపోతే మోకాళ్ళరిగిపోయినోళ్ళ బండి. స్పోర్టు బండంటే గేరుండాలండి. ఆయ్!"

ఆ తీర్పు మీద అప్పీలు చేసుకోవడానికే నేనీ నాలుగు ముక్కలు రాస్తున్నాను.

ముందు ఈ 'చిన్న కారు' అనేదాని జాతకం కాస్త చూద్దాం. మన దేశంలో చిన్న కారు కొలతలు నిర్ణయించింది ఇంజనీరు కాదు, బడ్జెట్టు. 2006 బడ్జెట్టులో నాలుగు మీటర్ల లోపు పొడవూ, పెట్రోలుదైతే 1200 సీసీ లోపు, డీజిలుదైతే 1500 సీసీ లోపు ఇంజనూ వున్న కార్లకు ఎక్సైజు సుంకం 24 శాతం నుంచి 16 శాతానికి దింపారు. అంతే, దేశంలో కార్లన్నీ నాలుగు మీటర్ల దగ్గర కత్తెర వేసినట్టు తెగిపోయాయి. వెనక డిక్కీ వుండవలసిన చోట తలుపొకటి వచ్చి కూర్చుంది. తరవాత జీఎస్టీ వచ్చినా ఆ గీత చెరగలేదు. 2025 సెప్టెంబరు 22 నుంచి ఆ గీతకు లోపలున్న కార్ల మీద పన్ను 18 శాతానికి దిగింది గనక ఇంకా ముదిరింది కూడా.

ఇక 'స్పోర్టు' సంగతి. షోరూములో ఆ మాటకి అర్థం వేరు. సీట్లకు ఎర్రదారంతో కుట్లు, బానెట్టు మీద రెండు తెల్లచారలు, వెనక ఒక రెక్క, పొగగొట్టం చివర మెరిసే మూతి. ఇవన్నీ చూపించి, 'ఇది స్పోర్టు మోడలు సార్' అని ఓ లక్ష పైన వేస్తారు. ఎర్రదారానికి బండి వేగం పెరిగేమాటయితే మా వూరి దర్జీ ఈపాటికి రేసుల్లో వుండేవాడు.

నిజమైన చురుకు మూడింట్లో వుంది. బండి బరువు తక్కువగా వుండాలి, స్టీరింగు చెప్పిన మాట వినాలి, తొక్కగానే ఇంజను పలకాలి. 1983 డిసెంబరులో మారుతి 800 వచ్చినప్పుడు దానికి నలభై గుర్రాల బలమైనా లేదు. 'అగ్గిపెట్టె' అని వెక్కిరించారు. ఆ అగ్గిపెట్టే అంబాసిడర్ల మధ్య నుంచి జారుకుంటూ పోతే నోళ్ళు మూతపడ్డాయి. ఇప్పుడు నాలుగు మీటర్ల లోపు తరగతిలో 2021లో వచ్చిన హ్యుందాయ్ ఐ20 ఎన్ లైనుకు ఒక లీటరు టర్బో ఇంజనుతో 120 గుర్రాలు. 2024లో వచ్చిన టాటా ఆల్ట్రోజ్ రేసరుకూ 120 గుర్రాలే. అంటే సరుకు లేదని కాదు, వుంది. సరుకు బానెట్టు కింద వుందా, చారల్లో వుందా అన్నది చూసుకోవాలి.

మా గట్టు రోడ్డుకు ఈ చురుకు అవసరం లేదని ఎవరన్నా అంటే ఒప్పుకోను. కొవ్వూరు నుంచి తాళ్ళపూడి మీదుగా పోలవరం వచ్చే దారి చూసినవారికి చెప్పనక్కరలేదు. ఒక పక్క గోదావరి, ఒక పక్క పల్లం. ముందు ఇసుక లారీ, దాని ముందు ప్రాజెక్టు టిప్పరు, దాని ముందు గడ్డిమోపుల ట్రాక్టరు, ఆ ముందు ఎవరి తొందరా లేని గేదెల మంద. ఎదట ఖాళీ కనపడేది పది పన్నెండు సెకన్లు. ఆ కాసేపట్లో దాటి మళ్ళీ మన వైపు వచ్చెయ్యాలి. అక్కడ బండి వెంటనే అందుకోవడం షోకు కాదు, ప్రాణరక్షణ. కనక స్పోర్టు కారు కొనే కుర్రవాణ్ణి వెక్కిరించే ముసలివాళ్ళ జట్టులో నేను లేను. నా తగాదా అంతా, 'స్పోర్టంటే గేరే, గేరంటే మగతనమే' అనే సిద్ధాంతంతోనే.

ఈ సిద్ధాంతం కొత్తది కాదు. కార్లు వచ్చిన కొత్తలో ముందు హ్యాండిలు దూర్చి గిరగిరా తిప్పితేనే ఇంజను లేచేది. అది వెనక్కి తన్నిందంటే మణికట్టు విరిగేది. అప్పట్లో కారు నడపడమంటే జబ్బబలం. 1912లో కాడిలాక్ కంపెనీ మీట నొక్కితే లేచే సెల్ఫ్ స్టార్టరు పెట్టేసరికి ఆడవాళ్ళు కూడా ఎవరినీ బతిమాలకుండా కారు తీసుకుని పోవడం మొదలుపెట్టారు. అప్పుడు మగతనం జబ్బలోంచి దిగి కాల్లోకి వచ్చింది. 1940 మోడలు ఓల్డ్స్‌మొబీల్ కార్లలో గేర్లు వాటంతటవే మారే పెట్టె వచ్చింది. కాల్లోంచి కూడా దిగాలి కదా మరి! మన దేశంలో మాత్రం దిగలేదు. ఎనభై ఏళ్ళ పైబడి ఎడమకాలి బొటనవేలు పట్టుకుని వేళ్ళాడుతోంది.

'రేసుల్లో గేరు కొడతారు కదండీ' అంటారు మావాళ్ళు. ఏ రేసుల్లో? 1989లోనే ఫెరారీ వారు ఫార్ములా వన్ పందెంలోకి క్లచ్ తొక్కి, రాడ్డు లాగి గేరు మార్చే పనిలేని కారు దింపారు. స్టీరింగు వెనక రెండు రెక్కలు, వేలితో మీటితే గేరు మారుతుంది. ఆ ఏడాది మొదటి పందెం, బ్రెజిల్లో, ఆ కారే గెలిచింది. కొన్నేళ్ళలో మిగతా జట్లన్నీ అదే దారి పట్టాయి. ఎందుకూ? చెయ్యి స్టీరింగు మీద వుంటే మలుపు బాగా తిరుగుతుంది గనక. మనిషి కాలికన్నా యంత్రం తొందరగా గేరు మారుస్తుంది గనక. అంటే ప్రపంచంలో అందరికంటే వేగంగా నడిపేవాళ్ళు మూడున్నర దశాబ్దాల కిందట వదిలేసిన రాడ్డుని, మనవాళ్ళు గుటాల దగ్గర గేదెల వెనకాల పట్టుకుని మీసం దువ్వుతున్నారన్నమాట.

'కంట్రోలు మన చేతిలో వుండదండి' అనేది రెండో వాదం. దీనికి జవాబు గోదావరిలోనే వుంది.

పాత రోజుల్లో లాంచీల్లో ఇంజను కింద వుండేది. దాన్ని చూసుకునే మనిషి వేరు. పైన సరంగు చక్రం పట్టుకుని కూర్చుని గంట తాడు లాగేవాడు. గంట పలుకును బట్టి కిందివాడు ఇంజనుని ముందుకో వెనక్కో తిప్పేవాడు. సరంగు జన్మలో ఒక్కసారి కూడా గేరు ముట్టుకోలేదు. అంతమాత్రాన లాంచీ అతని చేతిలో లేదని ఎవరన్నా అన్నారా? ఏ రేవు దగ్గర ఇసుక మేట వేసిందో, పాపికొండల సందులో ఏ మలుపున నీరు సుళ్ళు తిరుగుతుందో, ఏరు ఎర్రబడితే ఎంత ఎడంగా పోవాలో, అదీ అతని విద్య. కళ్ళు నీటి మీద వుండాలి గాని ఇంజను మీద కాదు. కారుకైనా అంతే. కంట్రోలంటే రోడ్డు మీద చూపు, బ్రేకు మీద అదుపు, మనసులో నిదానం. గేరు మార్చడం అందులో చాకిరీ భాగం. చాకిరీని కిందివాడికి అప్పగించిన సరంగు చులకనైపోడు.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. నాకీ వాదన ఇంత పట్టుదలగా ఎందుకంటే కారు ఒక్కడిది కాదు గనక. మావంటి వూళ్ళో కారు ఇంటిది.

మా వీధిలో ఒక ఇల్లుంది. కొడుకు హైదరాబాదులో ఉద్యోగం. సెలవులకు వచ్చినప్పుడు నడుపుకోవడానికి తనకిష్టమైన స్పోర్టు బండి, గేరుది, కొన్నాడు. కోడలికి లైసెన్సు వుంది. ఆమె కూడా తనకు నడపడానికి వీలుగా వుండేది చూడమంది. 'నీకెందుకు, నేను తిప్పుతాగా' అన్నాడు. తిప్పేవాడు నెలకు రెండు రోజులుంటాడు. మిగతా ఇరవైఎనిమిది రోజులూ బండి గుడ్డ కప్పుకుని పందిట్లో నిద్రపోతుంది. ఒక రాత్రి మామగారికి గుండెల్లో నొప్పి వచ్చింది. అంబులెన్సుకు ఫోను చేస్తే అది అప్పుడే మరో కేసుమీద వెళ్ళింది. రాజమండ్రి ముప్పై అయిదు కిలోమీటర్ల పైమాట. పందిట్లో 120 గుర్రాలున్నాయి. కళ్ళెం పట్టేవాళ్ళు లేరు. ఆమె ధైర్యం చేసి తీసింది. వాకిట్లోంచి గట్టు మీదకి ఎక్కే ఏటవాలులో బండి మూడుసార్లు ఆగిపోయింది. నాలుగోసారి వెనక్కి జారింది. చివరికి పక్కింటి ట్రాక్టరు డ్రైవర్ని నిద్రలేపి పంపించాం. ఆ పెద్దాయన దక్కాడు, భగవంతుడి దయ. కాని ఆ గట్టెక్కే చోట పోయిన అరగంట ఎవరి ఖాతాలో రాయాలి? ఆ అమ్మాయి చేతగానితనం ఖాతాలో రాశారు మా వీధి పెద్దలు. నేనయితే ఆ పిల్లవాడి ఎడమకాలి ఖాతాలో రాస్తాను.

'ఆడోళ్ళ బండి' అని వెక్కిరించడానికి బాగానే వుంటుంది. ఆడవాళ్ళు నడపగలిగే బండి ఇంట్లో వుండడం తప్పెప్పుడయింది? పిల్లను బడికి, అత్తగారిని కంటి ఆస్పత్రికి, తనను తాను పుట్టింటికి తీసుకుపోవడానికి ఒక మగదిక్కు కోసం కాసుక్కూచోవడం సంప్రదాయమా? కారు తాళం ఎవరి జేబులో వుంటే ఇంటి తాళం వాళ్ళ చేతిలో వున్నట్టే. గేరు రాడ్డు ఆ జేబుకి కుట్టిన గుండీ. నా కోపమంతా ఆ గుండీ మీదే. మన పిల్లలే అమెరికా వెళ్ళి ఇరవై ఏళ్ళుగా ఆటోమేటిక్కులు నడుపుతున్నారు. అక్కడ కొత్త కార్లలో గేరు బండి వెతికి పట్టుకోవాలి. వాళ్ళెవరికీ మగతనం తగ్గిన దాఖలాలు లేవు. అక్కడ భార్యాభర్తలిద్దరూ చెరో బండీ వేసుకుని పనికి పోతారు. సెలవుకి మన వూరొచ్చేసరికి ఆ భార్యే వెనకసీట్లోకి పోయి కూర్చోవలసి వస్తోంది.

ప్రతివాదులకు న్యాయం చెయ్యాలి. వారన్న మాటల్లో నిజాలూ వున్నాయి.

గేరు బండి చవక. గేరు బండి క్లచ్ పోతే ఏ షెడ్డులోనైనా బాగుచేస్తారు. ఆటోమేటిక్కుకు రోగం వస్తే రాజమండ్రి పోవాలి, కంపెనీవారి కాళ్ళు పట్టుకోవాలి, బిల్లు చూసి కళ్ళు తిరగాలి. బ్యాటరీ దిగిపోతే గేరు బండిని నలుగురు తోసి స్టార్టు చెయ్యొచ్చు. ఆటోమేటిక్కుని నలభైమంది తోసినా లేవదు. మారేడుమిల్లి ఘాట్ దిగేటప్పుడు రెండో గేరులో పెట్టి ఇంజనుతోనే బండిని పట్టి వుంచడం గేరు తెలిసినవాడికి వెన్నతో పెట్టిన విద్య. ఇవన్నీ నిజాలే. వీటిలో మగతనం ఎక్కడుంది? ఖర్చు, మరమ్మతు, సౌకర్యం. వీటి లెక్కలు కాగితం మీద వేసుకోవచ్చు. వేసుకోండి. మీసాల లెక్క మాత్రం కలపకండి.

మైలేజీ మాటకొస్తే, ఆ భయం పాతది. 2024లో వచ్చిన స్విఫ్టుకు లీటరుకు గేరు బండి 24.80 కిలోమీటర్లు, ఆటోమేటిక్ 25.75 కిలోమీటర్లు అని కంపెనీవారి లెక్కే చెబుతోంది. కంపెనీ లెక్క మన గతుకుల్లో రాదనుకోండి. రాకపోతే రెండింటికీ రాదు. ఘాట్ రోడ్డుకూ ఉపాయం వుంది. దాదాపు అన్ని ఆటోమేటిక్కుల్లోనూ కింది గేరులో నిలిపి వుంచే స్థానమో, మన చేత్తో మార్చుకునే వీలో వుంటుంది. పల్లం దిగేటప్పుడు అది వాడాలి. ఆటోమేటిక్కు గదా అని న్యూట్రల్లో పెట్టి దొర్లించేవాణ్ణి ఏ పెట్టే కాపాడలేదు.

అసలు చిక్కేమిటంటే 'ఆటోమేటిక్' అని షోరూములో ఒక్క పేరు చెప్పి నాలుగు రకాల సరుకులు అమ్ముతారు. అక్కడే మావాళ్ళు మోసపోయి, ఒకదాని లోపం నాలుగింటికీ అంటగడతారు.

మొదటిది ఏఎంటీ. మన దేశంలో ఇది 2014 ఫిబ్రవరిలో మారుతి సెలెరియోతో వచ్చింది. ఇది నిజానికి వేషం వేసుకున్న గేరు బండి. అదే పెట్టె, అదే క్లచ్. కాలికి బదులు ఒక మర తొక్కుతుంది, చేతికి బదులు ఒక మర లాగుతుంది. చవక, మైలేజీకి లోటు లేదు. కాని గేరు మారినప్పుడల్లా బండి ఒక్కసారి తల పంకిస్తుంది, తాంబూలం నమిలే పెద్దమనిషిలా. గట్టుమీద లారీని దాటేటప్పుడు అది ఆలోచించుకునే ఆ ఒక్క క్షణం మనకు యుగంలా వుంటుంది. రెండోది టార్క్ కన్వర్టరు. ఇంజనుకీ పెట్టెకీ మధ్య బిగుసుకునే క్లచ్‌కు బదులు నూనె బలాన్ని అందిస్తుంది. మెత్తన, ఏటవాలులో వెనక్కి జారే భయం తక్కువ, మొండిగా పనిచేస్తుంది. 2023లో వచ్చిన మారుతి ఫ్రాంక్స్ టర్బోకు ఆరు గేర్లతో ఇదే పెట్టారు. మూడోది సీవీటీ. ఇందులో గేర్లే లేవు. రెండు కప్పీల మధ్య బెల్టు జారుతూ వుంటుంది. వూళ్ళో హాయి. గట్టిగా తొక్కితే మాత్రం రొద ముందు వస్తుంది, పరుగు వెనక వస్తుంది. నాలుగోది రెండు క్లచ్‌ల పెట్టె, డీసీటీ. బేసి గేర్లకొక క్లచ్, సరి గేర్లకొక క్లచ్. మూడోదానిలో పోతుండగానే నాలుగోది సిద్ధంగా వుంటుంది, పెళ్ళిపంక్తిలో అన్నం వడ్డించేవాడి వెనకే పప్పు గిన్నెతో నిలబడ్డవాడిలా. ఐ20 ఎన్ లైనులో ఏడు గేర్లతో వచ్చింది ఇదే. స్పోర్టు పేరుకు తగింది ఇదే. కాని పొడి క్లచ్‌లున్న రకమయితే కోటగుమ్మం దగ్గర సాయంకాలపు రద్దీలో అంగుళం అంగుళం జరిపితే వేడెక్కుతుంది. ఖరీదూ ఎక్కువే.

నడిమంత్రపు రకం ఒకటి 2020లో హ్యుందాయ్ వారు తెచ్చారు, ఐఎంటీ అని. క్లచ్ పెడలు వుండదు గాని గేరు రాడ్డు వుంటుంది. ఎన్ లైనులో కూడా మొదట ఇదే పెట్టి, 2023లో తీసేసి మామూలు గేరే పెట్టారు. అటు గేరు అభిమానులకీ పట్టలేదు, ఇటు కాలు నొప్పులవాళ్ళకీ పట్టలేదు. రెండు పడవల మీద కాళ్ళు పెట్టినవాడి గతి గోదావరి వాళ్ళకి ఒకరు చెప్పాలా?

ఇన్నీ విన్నాక, 'అయితే ఏది కొనమంటారండీ?' అని అడుగుతారు. నా సూత్రం ఒక్కటే. బండి ఇంజను ఇంట్లో అందరికంటే సరదా వున్నవాడి ఇష్టానికి కొనండి. గేరుపెట్టె మాత్రం ఇంట్లో అందరికంటే తక్కువ నడిపినవాళ్ళను చూసి కొనండి. కుర్రవాడికి టర్బో కావాలా, కొనివ్వండి. దానికి తగ్గ డీసీటీయో, టార్క్ కన్వర్టరో తీసుకోండి. చేతిలో అంత డబ్బు లేకపోతే టర్బో మానుకుని ఏఎంటీ తీసుకోండి. లారీ వెనక ఇంకో రెండు నిమిషాలు ఓపిక పట్టండి. ఆ రెండు నిమిషాలకి గోదావరి ఎక్కడికీ పారిపోదు. ఇంట్లో నడిపేది ఒక్కరే, వారికి గేరంటే ప్రాణం, మిగతావాళ్ళు నేర్చుకోమన్నా నేర్చుకోరు అన్నప్పుడు గేరు బండి నిరభ్యంతరంగా కొనుక్కోండి. సంగీతం నేర్చినవాడు వీణ కొనుక్కుంటే కాదనేవాణ్ణి కాను. వీణ వాయించనివాడు మనిషే కాదంటే మాత్రం ఒప్పుకోను.

ఆటోమేటిక్కు ఇంటికి తెచ్చాక కూడా పని వుంది. ఎడమకాలికి పూర్తిగా సెలవివ్వాలి. బ్రేకుకీ యాక్సిలేటరుకీ కుడికాలు ఒక్కటే. కంగారులో రెండు కాళ్ళూ పెట్టి బ్రేకనుకుని యాక్సిలేటరు తొక్కితే అరుగులూ గోడలూ ఎక్కుతుంది బండి. కనక కొన్న వారంలోనే ఇంట్లో నడిపే వయసున్న వాళ్ళందరికీ తెల్లవారుజామున ఖాళీ రోడ్డు మీద నేర్పించండి. లైసెన్సు తీయించండి. బ్రిటన్‌లో ఆటోమేటిక్కు మీద పరీక్ష పాసైతే ఆటోమేటిక్కే నడపాలి. మన లైసెన్సులో ఆ భేదం లేదు. అదీ ఒక సౌకర్యమే, వాడుకోండి. గట్టెక్కే ఏటవాలు నాలుగుసార్లు ఎక్కించి దించండి. రాత్రిపూట రాజమండ్రి దాకా ఒకసారి వాళ్ళచేతే నడిపించి, మీరు పక్కన నోరు మూసుకుని కూర్చోండి. ఇందాకటి అన్ని విద్యలకంటే కష్టమైంది ఈ నోరు మూసుకోవడమే.

1974లో రాజమండ్రి, కొవ్వూరుల మధ్య రోడ్డు వంతెన వచ్చేదాకా కార్లు పంటు మీద ఏరు దాటేవి. వంతెన వచ్చినప్పుడు 'పంటు మీద దాటడంలో వున్న మజా దీంట్లో ఏదండీ' అని బాధపడ్డ రసికులు కొందరుండే వుంటారు. వాళ్ళ రసికత కాదనం. కాని పురిటినొప్పులతో అర్ధరాత్రి ఏటి ఒడ్డున పడిగాపులు పడిన ఆడమనిషిని అడిగితే వంతెన ఎందుకో చెబుతుంది. మీ ఇంట్లో రేపు కారు చర్చ వచ్చినప్పుడు టీకొట్టు వారిని తరవాత అడగండి. ముందు వంటింట్లోకి వెళ్ళి అడగండి.